తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి? కోఠి, సుల్తాన్‌బజార్ వారసత్వ నడకల కేస్ స్టడీ

హైదరాబాద్‌లో పాత కట్టడాలు చూపిస్తామనగానే అందరూ చార్మినార్ దగ్గర కలుద్దామంటారు. అక్కడ గైడ్లున్నారు, బోర్డులున్నాయి, నడకలు నడిపే బృందాలూ ఉన్నాయి. కొత్తగా మేము చేర్చేది పెద్దగా లేదనిపించి, మూసీకి ఉత్తరాన ఉన్న కోఠిని ఎంచుకున్నాం. మా బృందంలో కట్టడాల పరిరక్షణ చేసే ఆర్కిటెక్టును నేనొకణ్ణి, చరిత్ర చెప్పే అధ్యాపకురాలు ఒకరు, సెలవు రోజున నిద్ర మానుకునే ఓపిక ఉన్న కొందరు యువకులు. చీరల బేరం కోసమో పుస్తకాల కోసమో కోఠికి రాని హైదరాబాదీ ఉండడు. కానీ అంగడి బోర్డుకు పైన ఉన్న అంతస్తు చూసినవాళ్లు చాలా తక్కువ.

చూపించడానికి భవనాలు చాలానే ఉన్నాయి. వాటిని కలిపే కథ లేకపోతే మాత్రం నడక తేదీల చిట్టాగా మిగులుతుంది. మాకు ఆ కథ ఒక సరిహద్దులో దొరికింది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో తన నివాస భవనం, అంటే రెసిడెన్సీ, మొదలుపెట్టాడు. మద్రాస్ ఇంజనీర్లకు చెందిన శామ్యూల్ రస్సెల్ దానికి రూపకర్త. 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు, పని 1806 నాటికి పూర్తయింది. దాని చుట్టూ అంగళ్లు పెరిగాయి. రెసిడెన్సీ బజార్లని పేరుపడ్డ ఆ ప్రాంతం నిజాం రాజధానిలోనే ఉన్నా, 1933లో తిరిగి నిజాంకు అప్పగించేదాకా అక్కడ బ్రిటిష్ పాలనే నడిచింది. వీధికి ఇటు ఒక చట్టం, అటు ఇంకొకటి. నిజాం ఇలాకాలో సభ పెట్టాలంటే ఉన్న ఆంక్షలు ఇక్కడ అంతగా బిగిసి లేవు. గ్రంథాలయాలు, సంఘాలు, బడులు ఈ గల్లీల్లో ఎందుకు మొలిచాయో తెలియాలంటే ముందు ఈ సరిహద్దు తెలియాలి. మా నడకలో ప్రతి మజిలీ దీనికే ముడిపడి ఉంటుంది. ముడిపడని భవనం ఎంత అందంగా ఉన్నా మేము ఆగం.

ఏ వేళ నడవాలి

చెప్పుకోవడానికి చిన్న విషయమే గానీ, మా బృందంలో ఎక్కువ వాదన దీని మీదే నడిచింది. ఆదివారం తెల్లవారి వస్తే వీధి ఖాళీ. తోపుడుబండ్లు ఉండవు, స్కూటర్ల హారన్లు ఉండవు. తలెత్తితే కమానులు, సున్నపు పనితనం, చెక్క దూలాల మీద ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీలు కనిపిస్తాయి. ఫొటోలు బాగా వస్తాయి, వచ్చినవాళ్లు సంతోషపడతారు. కానీ షట్టర్లన్నీ దించి ఉంటాయి. ఆ భవనాల్లో బతుకుతున్న మనుషులు లేకుండా వాళ్ల భవనాల గురించి మనం మాట్లాడుకుని వెళ్లిపోవడమే అవుతుంది. సాయంత్రం వస్తే మనుషులుంటారు, నిలబడే చోటుండదు.

రెండూ ఉంచాలని తేల్చుకున్నాం. బయటివాళ్ల కోసం ఆదివారం పొద్దుటి నడక. దానికి పాతిక మందికి మించి తీసుకోం, మైకు పెట్టం. వీధివాళ్ల కోసం విడిగా వేరే కార్యక్రమాలు, వాళ్లకు తీరిక దొరికే వేళల్లో. వారసత్వ కార్యక్రమం అంటే నడక ఒక్కటే అనుకుంటే సగం పనే అవుతుందని నా అభిప్రాయం. నడిచి వెళ్లినవాళ్లు చప్పట్లు కొడతారు, బాగుందని పదిమందికి చెబుతారు. వానాకాలంలో పైకప్పు కారితే బకెట్ పెట్టేది మాత్రం తాళం చేతిలో ఉన్నవాడు. ఆ మనిషికి మన కార్యక్రమం వల్ల ఏమి దక్కిందన్నదే అసలు లెక్క.

దారి

సుల్తాన్‌బజార్ మెట్రో స్టేషన్‌లో కలుస్తాం. ఈ మార్గం ఇటువైపు వేస్తున్నప్పుడు వ్యాపారుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది, ఆ మాట నడకలో దాచం. అదే మార్గం ఒక మేలు కూడా చేసింది. పైనున్న ప్లాట్‌ఫాం మీద నిలబడితే, కింద ఎప్పుడూ కనబడని మిద్దెలు, పిట్టగోడలు, మధ్యలో తెరిచి ఉన్న వాకిళ్లు ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తాయి. అక్కడే ఐదు నిమిషాలు ఆగి, ఏ కప్పు మద్రాసు మిద్దె (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసే పాతకాలపు కప్పు), ఏది కాంక్రీటు, ఏ ఇంటి మీద రావి మొక్క మొలిచింది చూడమంటాం. రావి వేరు సున్నపు గోడలో ఎంత లోతుకు దిగుతుందో చెబితే ఆ తరువాత దారిపొడవునా పిల్లలు మొక్కలే వెతుకుతారు.

ముందు రెసిడెన్సీ. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం. 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ ఈ భవనంలోనే నడిచింది. కాబట్టి ఇది చదువుకునే చోటు, అనుమతి తీసుకుని, చెప్పిన వేళకే వెళ్లాలి. ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు, పైన త్రికోణపు ముఖభాగంలో కంపెనీ రాజముద్ర. నిజాం రాజ్యంలో నిజాం అనుమతితో కట్టినా, అతిథి ఇంటిలా కాక యజమాని ఇంటిలా కనబడాలన్న ఉద్దేశం ఆ స్తంభాల ఎత్తులోనే ఉంది. ఏళ్ల తరబడి శిథిలమవుతూ వచ్చిన ఈ భవనం, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ చేయూతతో మరమ్మతులు జరిగి 2023 జనవరిలో మళ్లీ తలుపులు తెరుచుకుంది. దర్బారు హాలులోకి అడుగుపెట్టగానే అందరూ ఫోన్లు పైకెత్తుతారు. కాసేపు ఎత్తనివ్వండి, అప్పుడు మీరేం చెప్పినా వినరు.

ఇక్కడ గైడ్‌కు ఒక క్రమశిక్షణ కావాలి. రెసిడెన్సీ చుట్టూ కథలు పుష్కలం. కిర్క్‌పాట్రిక్ స్థలం కోసం పెద్ద నక్షా చూపిస్తే నిజాం ఒప్పుకోలేదని, అదే నక్షాను చిన్న కార్డు మీద గీయించి చూపితే సరేనన్నాడని ఒక కథ. భార్య ఖైరున్నిసా పరదాలో ఉండి ముందు భాగం చూడలేదు కాబట్టి, ఆమె కోసం తోటలో భవనం నమూనా కట్టించాడని ఇంకొకటి. నమూనా ఉంది, చూపిస్తాం. ఆమె కోసమే కట్టించాడన్న మాట దగ్గర మాత్రం మా గైడ్లు “అంటారు” అనే మాట వాడి తీరాలి. కట్టిన సంవత్సరం చెప్పే గొంతు, ఈ కథ చెప్పే గొంతు వేరుగా వినబడాలని శిక్షణలో పదేపదే చెబుతాం. ప్రేమకథ చెబితే ఎక్కువ మంది వస్తారు, నిజమే. కానీ ఒక్క శ్రోతయినా ఇంటికి వెళ్లి వెతికి, తేడా కనిపెడితే, ఆ రోజు చెప్పిన నిజాలు కూడా అనుమానంలో పడతాయి.

బయటికొస్తే తుర్రెబాజ్ ఖాన్ స్మారకం. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు (పఠాన్ యోధులు) రెసిడెన్సీ మీద దాడికి దిగారు. ఇక్కడ ఆర్కిటెక్టుగా నాకు నచ్చిన వివరం ఒకటుంది. వాళ్లు ముందుగా పట్టుకున్నది పుత్లీబౌలి వైపున్న ఇద్దరు షాహుకార్ల మేడలను. ఆ పై అంతస్తుల నుంచి చూస్తే రెసిడెన్సీ గోడ లోపలి తోట కనిపిస్తుంది, తుపాకీ గురికి అందుతుంది. వీధి మీద మేడ అంటే అప్పట్లో హోదా ఒక్కటే కాదన్నమాట. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని తెచ్చి నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. రోజూ వేలమంది బస్సు కోసం నిలబడే కూడలి ఇది. ఆ స్మారకం మీద ఏం రాసి ఉందో చదివినవాళ్లు ఒక్కో నడకలో ఒకరో ఇద్దరో తేలుతారు.

1865 నాటి సుల్తాన్‌బజార్ గడియార స్తంభం దగ్గర ఎక్కువసేపు ఆగం. అసలు ఆగేది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం దగ్గర.

కోఠిలో పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు వరుసగా ఉంటాయి. గ్రూప్స్‌కు చదివే జిల్లాల పిల్లలు బ్యాగులు తగిలించుకుని తిరుగుతుంటారు. తెలుగులో నడక పెట్టాక వాళ్లు రావడం మొదలైంది. “భాషా నిలయం ఎప్పుడు స్థాపించారు?” అని అడిగితే పది గొంతులు ఒకేసారి “1901 సెప్టెంబర్ 1” అంటాయి. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు పేర్లు కూడా అప్పజెబుతారు. ఆ భవనం ఎదుటే నిలబడి ఉన్నామంటే మాత్రం ఒక్కసారి తల పైకెత్తుతారు. బిట్టు ప్రశ్నగా ఎన్నోసార్లు గీసిన సమాధానం, పుస్తకాలు కొనే దారిలోనే ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఒకమ్మాయి వెంటనే లోపలికి వెళ్లి, ఇక్కడ కూర్చుని చదువుకోవచ్చా అని అడిగింది. ఇంత కచ్చితమైన ఫలితం మాకు ఇంకే మజిలీలోనూ రాలేదు.

జాంబాగ్ వైపు వివేకవర్ధిని విద్యాసంస్థ దగ్గర నడక ముగుస్తుంది. 1921 నవంబర్‌లో ఇక్కడ సంఘ సంస్కర్త మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లిషులో ప్రసంగాలు సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానం మనసులో పెట్టుకుని తెలుగువాళ్లు ఆ రాత్రే కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. ఈ ఘట్టం చెప్పే పని మా చరిత్ర అధ్యాపకురాలిది. నేను చెబితే తేదీలు మిగులుతాయి, ఆమె చెబితే వింటున్నవాళ్ల ముఖాలు మారతాయి.

సున్నం రోజు

వీధివాళ్ల కోసం ఏం చేయాలని ఆలోచించినప్పుడు మొదట అందరూ చెప్పినవి సంగీత కచేరీ, ముషాయిరా, దీపాల అలంకరణ. ఇవన్నీ బాగుంటాయి, ఖర్చవుతాయి, మర్నాడు ఊడ్చేస్తే పోతాయి. అంగళ్లవాళ్లతో కూర్చుని మాట్లాడితే వాళ్ల ప్రశ్న ఒకటే: “ప్రతి ఏడూ వానల ముందు గోడకు సిమెంటు పూయిస్తాం, ప్రతి ఏడూ పెచ్చులూడుతుంది. ఎందుకు?” దానికి జవాబు చెప్పే కార్యక్రమమే పెట్టాం. గోదాముగా వాడుతున్న ఒక పాత ఇంటి నడిమి వాకిలి అడిగి తీసుకుని, సున్నపు పని తెలిసిన పెద్ద మేస్త్రీని పిలిచాం.

ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. రెండు ఇటుకలు ముందే సిద్ధం చేసుకొచ్చాడు. ఒకదానికి గానుగలో నూరిన డంగు సున్నం పూత, ఇంకోదానికి సిమెంటు పూత. రెండింటి మీదా గరిటెడు నీళ్లు పోశాడు. సిమెంటు మీద నీళ్లు జారి కింద పడ్డాయి. సున్నం మీద పోసినవి చూస్తుండగానే ఇంకిపోయి, చుట్టూ మరక పడింది. “చూశారా, సిమెంటే మంచిది, నీళ్లు తాగలేదు” అన్నాడు ఒక దుకాణదారు. మేస్త్రీ నవ్వి, “పైనుంచి తాగదు. కింద పునాది నుంచి ఎక్కిన తేమ ఎక్కడికి పోవాలి?” అన్నాడు. పాత గోడకు రాయి, ఇటుక, సున్నం అన్నీ తేమను పీల్చి వదిలేవే. దాని మీద సిమెంటు కప్పితే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే నిలిచి ఉప్పును పైకి తోస్తుంది, పూత ఉబ్బి రాలుతుంది. మళ్లీ సిమెంటు పూస్తే మళ్లీ అదే. తరువాత బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు సున్నంలో ఎందుకు కలుపుతారో చెబుతూ అందరి చేతా తాపీ పట్టించాడు. పెద్ద వ్యాపారులు చొక్కా చేతులు మడిచి పూత పూశారు.

ఆ రోజు సిమెంటును మెచ్చుకున్న దుకాణదారే, మెట్ల దగ్గరి ఒక్క గోడకు సున్నం చేయించి చూస్తానన్నాడు. చేయించాడు. వానాకాలం గడిచాక ఆ గోడ నిలిచింది, పక్క గోడ ఎప్పటిలాగే రాలింది. ఆ వీధిలో దీనికి మించిన ప్రచారం మేము చేయలేకపోయేవాళ్లం. సున్నం పూత సిమెంటు కన్నా ఖర్చు, నిదానం. పని తెలిసిన మేస్త్రీలు నగరంలో తక్కువ. ఇవి దాచకుండా ముందే చెప్పాలి.

ఇంకో కార్యక్రమం పాత ఫొటోల సాయంత్రం. మీ ఇంటి పెళ్లి ఫొటోలు, దుకాణం ప్రారంభం ఫొటోలు తెండి, అక్కడికక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తామన్నాం. వాళ్లు చూపించేది పెళ్లికొడుకును, మేము చూసేది వెనకాల గోడను. ఒక బరాత్ ఫొటోలో, ఇప్పుడు ఇనుప గ్రిల్లు ఉన్నచోట చెక్క కటకటాల బాల్కనీ స్పష్టంగా కనిపించింది. నమూనా దొరకనప్పుడు పరిరక్షణ చేసేవాడికి ఇలాంటి ఫొటోయే ఆధారం.

భయం

“వారసత్వం” అనే మాట వినగానే ఇంటి యజమాని ముఖం వాడిపోతుంది. దానికి తగిన కారణం ఉంది. ఈ ఇళ్లలో చాలావాటికి వాటాదార్లు ఎక్కువ, అద్దె తగాదాలు పాతవి. “మీరు రాసుకుని వెళితే రేపు అమ్ముకోనివ్వరు, కూలితే బాగుచేసుకోనివ్వరు” అని ఒక పెద్దాయన మా మొహం మీదే తలుపు వేశారు. హైదరాబాద్‌లో పట్టణాభివృద్ధి నిబంధనల్లోని 13వ నిబంధన కింద ఒకప్పుడు వారసత్వ భవనాల జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధనను తొలగించారు, 2017లో రాష్ట్రం కొత్త వారసత్వ చట్టం తెచ్చింది. సామాన్య యజమానికి ఈ మార్పుల్లో తన ఇల్లు ఎక్కడుందో తెలియదు. తెలియనప్పుడు భయపడటమే తెలివైన పని.

కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాం. యజమాని ఒప్పుకోకుండా ప్రైవేటు ఇంటి గురించి నడకలో చెప్పం, ఇంటి నంబరు ఎక్కడా రాయం, లోపలి ఫొటో బయటపెట్టం. దీనివల్ల కొన్ని మంచి భవనాలు వదులుకున్నాం. వదులుకున్నందుకు ఆ వీధిలో మమ్మల్ని నమ్మేవాళ్లు పెరిగారు. తలుపు వేసిన పెద్దాయన సున్నం రోజున వెనక వరుసలో కనిపించారు.

తేదీలు ఎక్కడివి

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. హైదరాబాద్‌లో ఆ రోజు పది గంటలకే రోడ్డు మండుతుంది. మా క్యాలెండర్‌ను ఈ ప్రాంతపు సొంత తేదీల మీద కట్టుకున్నాం: జూలై 17, సెప్టెంబర్ 1, సెప్టెంబర్ 28, ఆపైన నవంబర్‌లో భారత పురావస్తు శాఖ జరిపే వారసత్వ వారం. ఆ చివరిది వాతావరణం కోసం.

సెప్టెంబర్ 28 మూసీ వరద రోజు. 1908లో ఆ వరద సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ వరదే తరువాతి హైదరాబాద్‌ను గీసింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, నది ఒడ్డున ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్ రూపమిచ్చిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. చెట్టు కింద నిలబడి చెబితే ఈ గొలుసు ఇట్టే అర్థమవుతుంది. అయితే అది రోగుల చోటు. గుంపులు తీసుకెళ్లి ఫొటోలు దిగే చోటు కాదు. అందుకే ఏడాదికి ఆ ఒక్క రోజే, కొద్దిమందితో, గట్టిగా మాట్లాడకుండా వెళ్లివస్తాం.

ఏమి మారింది, ఏమి మారలేదు

ఎంతమంది వచ్చారన్న లెక్క నిధులిచ్చేవాళ్లు అడుగుతారు, ఇస్తాం. మేము లోపల్లోపల చూసుకునే లెక్క వేరు: ఈ ఏడాది కొత్తగా ఎన్ని తలుపులు తెరిచారు, ఎన్ని గోడలకు సిమెంటు ఆగింది. ఒక దుకాణదారు బోర్డు రెండడుగులు కిందికి దించి కమాను పైభాగం బయటపెట్టాడు. ఇద్దరు స్థానిక యువకులు ఉర్దూ, హిందీ నడకలు సొంతంగా నడుపుతున్నారు, రుసుములో సగం వాళ్లకే. ఉచితంగా పెట్టినప్పుడు పేరు నమోదు చేసుకుని రానివాళ్లు ఎక్కువ. కొద్దిపాటి రుసుము పెట్టగానే ఆ తలనొప్పి తగ్గింది. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసుకోకపోతే ఆడవాళ్లు, పెద్దవాళ్లు రెండోసారి రారు.

మారనివీ ఉన్నాయి. దారి చూపే బోర్డుల కోసం ఒక కార్యాలయానికి రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. మేము చూపిస్తూ వచ్చిన ఒక మేడ, అన్నదమ్ముల పంపకాల్లో నేలమట్టమైంది. దానికి మా నడక అడ్డుపడలేదు, అడ్డుపడగలదనీ నేను చెప్పను. 2018 జూలైలో గౌలిగూడలో పాత బస్ స్టేషన్ లోహపు షెడ్డు కూలిపోయింది. అమెరికాలోని మిసిసిపీ పేరుతో జనం నోట నిలిచిన 1930ల నాటి నిర్మాణం అది. ప్రాణనష్టం జరగలేదు. స్తంభాలు, సున్నపు లతలు లేని కట్టడాన్ని వారసత్వమని ఎవరూ లెక్కపెట్టరు, మేమూ అప్పటికి మా దారిలో దాన్ని చేర్చలేదు. ఇప్పుడు చేరుస్తున్నాం, ఖాళీ స్థలంగా.

అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997 నుంచి వారసత్వ నడక నడుపుతోంది. కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై జామా మసీదు దగ్గర ముగుస్తుంది. 2017లో ఆ నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ నగరం గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచి నేను నేర్చుకున్నది క్రమం తప్పకపోవడం. ఏళ్ల తరబడి అదే దారి, అదే వేళ. అక్కడి పాత ఇరుకు గల్లీల నివాస సముదాయాలైన పోళ్లలో ఉండేవాళ్లకు గుంపు రావడం అలవాటైపోయింది. మా దగ్గర వారానికొకసారి, అదీ వేసవి వదిలేసి. దీన్ని రోజువారీ చేయాలంటే స్వచ్ఛంద సేవ చాలదు, జీతమిచ్చే వ్యవస్థ ఉండాలి. ఈలోగా ఒక మార్పు మా చేతిలో ఉంది. రెసిడెన్సీ నుంచి జాంబాగ్ దాకా ఒకే విడతలో అంటే పెద్దవాళ్లు అలసిపోతున్నారు. వచ్చే సీజన్ నుంచి దీన్ని రెండు నడకలుగా విడగొడుతున్నాం. భాషా నిలయం రెండింటిలోనూ ఉంటుంది.